మేస్త్రి తప్పు లేదు

ఆ రోజుల్లో నేను ఇంజనీరుని. ఇప్పుడూ ఇంజనీరునే అనుకోండి, కాకపోతే ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే కాస్త ఇబ్బందిగా పక్కకు చూస్తాను. అప్పుడు ఎవరూ అనకపోయినా నాకు నేనే అనుకునేవాణ్ని. సివిల్ డిప్లొమా చేతికొచ్చి పట్టుమని ఏడాది కాలేదు. చొక్కా జేబులో టేపు, చెవి వెనక పెన్సిలు, నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని (సైటులో నా నెత్తి మీద పడటానికి ఆకాశం తప్ప మరేమీ ఉండేది కాదు, అయినా బస్సులో కూడా తీసేవాణ్ని కాదు) జఫర్‌గఢ్‌లో బస్సెక్కుతుంటే, మా అమ్మ బస్టాపు పక్క దుకాణం దగ్గర నిలబడి నలుగురికీ చూపించేది. ప్రపంచంలోని గొప్ప కట్టడాల పేర్లన్నీ నాకు వచ్చు. ఏది ఏ దేశంలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. కానీ వాటిని ఎవరో ఒక మనిషి రాయి మీద రాయి పేర్చి కట్టాడనీ, సాయంత్రం చేతులు కడుక్కుని ఇంటికి పోయాడనీ, ఆ మనిషికీ ఊళ్లో ఒక పరువు ఉండి ఉంటుందనీ నాకెప్పుడూ తోచలేదు. అలా తోచేలా చేసినవాడు మా మేనమామ. చెయ్యాలని చెయ్యలేదు పాపం, నా నిర్వాకం వల్ల అలా జరిగిపోయింది.

మొదట సేటు సంగతి చెప్పాలి. మానుకోటలో (బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది, బస్సెక్కేవాళ్లు మాత్రం మానుకోటకే టికెట్ అడుగుతారు) ఎరువులూ విత్తనాలూ అమ్మే పెద్ద దుకాణం ఆయనది. ఓ ఏడాది అందరికంటే ఎక్కువ మందుబస్తాలు అమ్మాడని కంపెనీవాళ్లు ఆయన్ని యూరప్ తీసుకుపోయారు. అక్కడ చలి, ఉప్పూకారం లేని తిండి, బస్సులో నిద్ర తప్ప ఆయనకు ఏమీ గుర్తులేదు. ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇటలీలో, పీసా అనే ఊళ్లో, పక్కకు ఒరిగిన గోపురం ఒకటుంది కదా, దాని ముందు లోకమంతా ఒకే రకం ఫోటో దిగుతుంది. దూరంగా నిలబడి చెయ్యి చాపితే, పడిపోతున్న గోపురాన్ని మనమే ఆపుతున్నట్టు వస్తుంది. సేటు కూడా దిగాడు. పళ్లు బిగించి, మెడ నరాలు పొంగించి, బస్తా ఎత్తేవాడిలా బలం పెట్టి మరీ దిగాడు. కానీ ఫోటో తీసిన తోటి డీలరు ఆ పూట ఏ ధ్యాసలో ఉన్నాడో, సేటు చేతికీ గోపురానికీ మధ్య మూరెడు ఎడం వచ్చింది. అయినా ఆయన దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దుకాణంలో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాడు. యూరియా కోసం వచ్చిన ప్రతి రైతూ ఆ ఫోటో చూసి ఊరుకునేవాడు కాదు. "సేటూ, గా గోపురం పడుతుంటే నువ్వు ఉత్త గాలిని పట్టుకున్నవేంది?" అనేవాడు. మనిషి ఎన్నిసార్లని భరిస్తాడు!

అందుకని సేటు ఊరిబయట తన ఫంక్షన్ హాలు వెనక ఖాళీ జాగాలో ప్రపంచ వింతల పార్కు కట్టాలని నిశ్చయించుకున్నాడు. పైకి చెప్పిన కారణం వేరు. అప్పుడప్పుడే మా దిక్కు పెళ్లికి ముందే జంటలు ఫోటోలు దిగే అలవాటు వచ్చింది. పత్తి చేలల్లో, చెరువు కట్టల మీద దిగి దిగి జనానికి విసుగొచ్చింది. "జనం తాజ్‌మహల్ కాడికి ఎందుకు పోతరు తమ్మీ? రాళ్లు జూడనీకా? కాదు. 'నేను గీడికి వచ్చిన' అని పదిమందికి చూపెట్టనీకె. గా చూపెట్టేదేదో మనమే గీడ పెడితే పాస్‌పోర్ట్ పరేషాన్ ఎందుకు?" అన్నాడు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు. లోకంలోని పర్యాటక శాఖలన్నీ లావు పుస్తకాల్లో చెప్పే సంగతిని ఆయన బస్తాల మీద కూర్చుని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కాకపోతే మా ఇద్దరికీ తెలిసిన అసలు కారణం, ఆ మూరెడు ఎడం.

ఇక మా మామ. కాటారం ఆయన ఊరు. అక్కణ్నుంచి భూపాలపల్లి దాకా ఆయన చెయ్యి పడని ఇంటి గోడ తక్కువ. అందరూ ఆయన్ని గుండు మేస్త్రి అంటారు (తల సంగతి కాదు, జుట్టు ఇప్పటికీ ఒత్తుగానే ఉంది). గోడ నిలువుగా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారానికి కట్టి వేలాడేసే ఇనుప గుండు ఉంటుంది కదా, అది ఆయన సంచీలో ఎప్పుడూ ఉండేది. పనిలోనే కాదు, పెళ్లికి వెళ్లినా ఉండేది. చుట్టాల ఇంటికి పోతే, కాళ్లు కడుక్కుని లోపలికి రాగానే గోడ వంక ఓ కన్ను మూసి చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు గానీ, ఆయన రెండో కన్ను కూడా తెరిచేదాకా ఇంటివాళ్లకు ఊపిరాడేది కాదు.

ఆయన కూతురిని నాకు చేసుకోవాలని మా అమ్మ ఆశ. నా ఆశ గురించి వేరే చెప్పక్కర్లేదు. మరదలు భూపాలపల్లిలో ఫ్లెక్సీలు తయారుచేసే దుకాణంలో కంప్యూటర్ ముందు పని చేసేది. పుట్టినరోజులకూ, ప్రారంభోత్సవాలకూ ఊరి పెద్దమనుషుల మొహాల మీద మచ్చలు తీసి, వాళ్లను తెల్లగా చేసి, చుట్టూ పూలు పెట్టడం ఆ పిల్ల పని. దాంతో లోకంలో ఎవరి మొహం మీదా ఆమెకు భ్రమలు ఉండేవి కావు, నా మొహంతో సహా. మా అమ్మ పిల్లనడిగితే మామ, "అక్క కొడుకైతే అయిండు. ఇంజనీరు గూడ అయిండు. కాని మనిషెట్లనో సైటు మీద తెలుస్తది. జర కలిసి పని చేయనియ్యి, తర్వాత చెప్త" అన్నాడు. నేను వెంటనే సేటుకు చెప్పి మామనే మేస్త్రిగా పెట్టించాను. కాగితం మీద ఆయనకు నేను పైవాణ్ని. పరీక్ష రాసేవాడే పరీక్ష పెట్టేవాడి హాజరు వేస్తున్నాడన్నమాట. ఆ సంగతి విని మరదలు ఫోన్లో నవ్వి, "బావా, నాయినకు పని తప్పైనా ఏం గాదు, కూలగొట్టి మల్ల కడ్తడు. అబద్ధం మాత్రం ఆడకు, గంతే" అంది. అంత తేలికైన షరతు ఏ పెళ్లికొడుక్కీ ఎదురై ఉండదని నేను సంబరపడ్డాను.

పని మొదలైంది. ఈజిప్టు పిరమిడ్ అంటే మామకు మొదటి చూపులోనే గౌరవం కలిగింది. "గిది మనిషి కట్టిన పని. కింద వెడల్పు, పైకి పోతుంటే సన్నం. ఏడికి పడ్తది చెప్పు!" అంటూ మురిసిపోయి కట్టాడు. ఈఫిల్ టవర్‌ను వెల్డింగ్ పనివాళ్లు చేశారు. అది నిలబడ్డాక మామ చుట్టూ తిరిగి, "సెల్ టవర్ లెక్కనే ఉన్నది గాని, సిగ్నల్ రాదాయె. మల్ల గింత ఇనుమెందుకు పెట్టిండ్రు?" అన్నాడు. ఊరికే చూడ్డానికి అన్నాను. ఓహో అన్నాడు. లిబర్టీ విగ్రహాన్ని వినాయకుళ్లను చేసే ఆయనకు అప్పగించాం. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. పెద్ద కళ్లు, నిండు బుగ్గలు, చిరునవ్వు. కూలికి వచ్చే ఆడవాళ్లు రెండోనాడే ఆమె పాదాలకు పసుపు రాసేశారు. చేతిలో కాగడా చూసి, "రాత్రిపూట గూడ మనకోసం తిరుగుతది తల్లి" అన్నది ఒకావిడ. న్యూయార్క్‌లో ఆవిడ గురించి ఇంతకంటే మంచిమాట ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు.

రోమ్ నగరపు కొలోసియం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. బొమ్మ చూసి మామ, "గిది సగం కూలింది కదా?" అన్నాడు. అవునన్నాను. "మరి కూలిందాన్ని ఎందుకు కడుతున్నం? మంచిగున్నప్పుడు ఎట్లుండెనో గట్ల కడుదాం. పుణ్యమొస్తది." నేను జనం కూలిందాన్ని చూడ్డానికే వస్తారని చెప్పాను. మామ తాపీకి అంటిన సిమెంటు గీకుతూ, "మా ఊర్ల సగం కూలిన ఇండ్లు శాన ఉన్నయ్. ఒక్కడన్న చూడొస్తలేడు" అన్నాడు. నా డిప్లొమా పుస్తకాలన్నీ మనసులో తిరగేశాను. చివరికి పాతబడ్డ వస్తువుకు గౌరవం అన్నాను. పగిలిన అంచు కట్టేటప్పుడు మాత్రం ఆయన మొహం అటు తిప్పుకుని, ఆ పని కూలీలకు వదిలేశాడు.

తర్వాతి వంతు పీసా గోపురానిది. సగం కూలిందానికే ఇంత రభస చేసిన మనిషికి, వంకరగా కట్టమని ఎలా చెప్పను? అది కూడా జీవితంలో గుండు పెట్టకుండా ఒక్క వరస లేపని మనిషికి? చెప్తే పని మానేస్తాడు, పిల్లనివ్వడు. చెప్పకపోతే సేటు నన్ను మాన్పిస్తాడు, ఉద్యోగం లేనివాడికి ఎలాగూ పిల్లనివ్వరు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు పొద్దున మామ వచ్చి, "అల్లుడ, బొమ్మ చూపెట్టు, ముగ్గు పోద్దాం" అన్నాడు. నేను సంచీలోంచి కాగితం తీశాను. తీస్తూ తీస్తూ, ఎవరు నేర్పారో తెలియదు, చేతులు వాటంతటవే కాగితాన్ని కొంచెం పక్కకు తిప్పాయి. గోపురం బుద్ధిగా నిటారుగా నిలబడింది. కింద ఉన్న పచ్చగడ్డి మాత్రం ఓ వైపుకు లేచింది. మామ కళ్లు చికిలించి చూశాడు. "గోపురం బాగున్నది. గీ గడ్డేంది, ఒక దిక్కు ఎత్తున్నది?" అన్నాడు. "గుట్ట ప్రాంతం మామా, గట్లనే ఉంటది" అన్నాను. ఆయన తల ఊపాడు. "గుట్ట మీద గూడ గింత సక్కగ నిలబెట్టిండంటే ఎవ్వడో గాని పనిమంతుడు" అన్నాడు. ముందు కట్టనీ, తర్వాత చూద్దాం అనుకున్నాను (ఇంజనీరింగులో నాకు బాగా వచ్చిన సూత్రం ఆ ఒక్కటే).

ఆ పనిమంతుడి మీది గౌరవంతో మామ ఆ గోపురాన్ని కట్టినంత శ్రద్ధగా మరేదీ కట్టలేదు. రెండంతస్తుల ఇంటి ఎత్తు. చుట్టూ సన్నని స్తంభాలు, అంతస్తు అంతస్తుకూ వరండా. ప్రతి వరసకూ గుండు వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. పైన గంటల గది దాకా పోయాక దిగివచ్చి, దూరంగా నిలబడి, ఓ కన్ను మూసి, తర్వాత రెండో కన్నూ తెరిచి నవ్వాడు. మా మామ నవ్వడం నేను అరుదుగా చూశాను. అంత అందమైన కట్టడాన్నీ, అంత భయాన్నీ ఒకేసారి నేను మళ్లీ ఎన్నడూ అనుభవించలేదు.

విత్తనాల సీజన్ ముగించుకుని సేటు ఆ సాయంత్రమే వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చి, దూరంగా పోయి, కాళ్లు ఎడంగా పెట్టి, పళ్లు బిగించి, చెయ్యి చాపాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చెయ్యి దించి గోపురం వైపు తిరిగాడు. "తమ్మీ, నేను దేన్ని ఆపాలె? గిది పడుతలేదు కదా!" అన్నాడు. నేను ఫోన్ సరిచేస్తున్నట్టు నటించాను. "గిది వంగలే! వంగకుంటే గిదేం గోపురం? మా ఇంటి నీళ్ల ట్యాంకు గూడ సక్కగనే ఉన్నది, దాని కాడ ఎవడన్న ఫోటో దిగుతడా?" అని సేటు కేకలేస్తుంటే, పనివాళ్లు ఒక్కొక్కరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. చివరగా మామ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విషయం విన్నాడు. నా వైపు చూసి, "కాయితం ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కింద గడ్డి చదునుగా వచ్చేదాకా మెల్లగా తిప్పాడు. గోపురం ఒరిగింది.

"గుట్ట ప్రాంతమంటివి కదరా, అల్లుడ" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా అన్నాడు. "వంకర కట్టమంటే కట్టుదునో కట్టకపోదునో, గది వేరే సంగతి. నాకు కాయితం తిప్పి చూపెడ్తవా?" తాపీ కడిగి, గుండు దారం చుట్టి సంచీలో పెట్టుకుని, బస్టాండు వైపు నడిచాడు. సేటుకు ఇదేమీ పట్టలేదు. "పొద్దుగాల జేసీబీ పిలిపిస్త. మెల్లగ ఒక దిక్కు నూకితే అదే వంగుతది" అన్నాడు. జేసీబీతో నెట్టితే అది ఒరగదు, కూలుతుందని నేను చెప్పబోయాను. నా మాటకు ఆ క్షణాన సైటులో ఉన్న విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

అంతలో మా అమ్మ ఫోన్ చేసి, "ఏం జేసినవురా? మీ మామ పిల్లను ఇయ్యనంటుండు!" అని ఏడుపందుకుంది. ఆ ఫోన్ పెట్టగానే మరదలు చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "బావా, ఒక్కటడుగుత చెప్పు. గా గోపురం అసలు ఎందుకు వంగింది? కట్టినోడు కావాలనే వంకర కట్టిండా?" అంది. అది ఇటలీలో ఉంది అన్నాను. ఏ దేశంలో ఉందో, ఏ ఊళ్లో ఉందో తెలుసు. ఎందుకు వంగిందో మాత్రం చూడలేదు. "ఇంజనీరువు కదా, ఎందుకు వంగిందో చూడలేదా?" అంది. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. "చూడు. చూసి ఉన్నది ఉన్నట్టు నాయినకు చెప్పు. పో, బస్సు రాకముందే పో" అని ఫోన్ పెట్టేసింది. బస్టాండు దాకా నడుస్తూ ఫోన్లో చదువుకున్నాను. చదువుతూ చదువుతూ రెండుసార్లు రోడ్డు మీద ఆగిపోయాను. అంతకాలం నేను దాన్ని చూసి ఊరికే నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది.

మామ హన్మకొండ బస్సు కోసం సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను పక్కన కూర్చుని, ఆయన సంచీతో చెప్తున్నట్టు మొదలుపెట్టాను. "మామా, దాన్ని ఎవ్వలు వంకర కట్టలే. సక్కగనే కట్టిండ్రు. కింద భూమి మెత్తగున్నది. మూడో అంతస్తు లేస్తుంటే ఒక దిక్కు కుంగింది." "పునాది ఎంత తీసిండ్రు?" అన్నాడు మామ, ఎదురుగా ఉన్న బస్సును చూస్తూ. మనిషి నిలువుకు రెట్టింపు కూడా లేదని చెప్పాను. ఆయన పెదవి విరిచాడు. "గంత బరువుకు గదేం సరిపోతది! మరి ఆపిండ్రా?" "ఆపిండ్రు. యుద్ధాలొచ్చినయట, శాన ఏండ్లు గట్లనే ఉంచిండ్రు. తర్వాత వేరే మేస్త్రీలు వచ్చి, కుంగిన దిక్కు గోడ ఎత్తు పెంచి పైన సరిచేద్దామని చూసిండ్రు." మామ ఇటు తిరిగాడు. "నేను గూడ గదే చేద్దును. మరి సరైందా?" "కాలే మామా. బరువు పెరిగి ఇంక కుంగింది."

హన్మకొండ బస్సు వచ్చింది. కండక్టర్ పిలిచాడు. మామ లేవలేదు. బస్సు పోయింది. "మొదటి మేస్త్రి పేరేంది?" అన్నాడు. ఎవరెవరి పేర్లో చెప్తారనీ, ఖాయంగా మాత్రం ఎవరికీ తెలియదనీ చెప్పాను. "మంచిదైంది" అన్నాడు మామ. "పేరు తెల్వకపోవుడే మంచిదైంది. బతికున్నన్ని దినాలు ముఖమెట్ల ఎత్తుకుండెనో పాపం. సక్కగ కట్టాల్నని చూసి, భూమి మోసం చేస్తే, లోకమంత వచ్చి చెయ్యి చాపి నవ్వవట్టె." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నో వందల ఏళ్ల కిందట, ఎక్కడో ఇటలీలో చనిపోయిన ఓ మేస్త్రి కోసం కాటారం మేస్త్రి మానుకోట బస్టాండులో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ ఊరికి ఏటా పోయే అంతమంది జనంలో ఇలా బాధపడినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

"జేసీబీ నడువది" అంటూ మామ లేచాడు. "కూలుతది. నేనే ఇప్పి కడ్త. వంకరే కడ్త. కాని ఒక షరతు. కింద బోర్డు పెట్టాలె." ఆ బోర్డు మీద ఏం రాయాలో దారి పొడుగునా చెప్పాడు. సేటు మొదట ససేమిరా అన్నాడు. జేసీబీ డ్రైవరు వచ్చి గోపురం చుట్టూ ఒకసారి తిరిగి, "సారు, గిది నా మీద పడ్తది" అన్నాక ఒప్పుకున్నాడు. మామ తన నిటారు గోపురాన్ని తనే పైనుంచి కిందిదాకా విప్పాడు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మళ్లీ కట్టేటప్పుడు కూడా గుండు వదల్లేదు. ప్రతి వరసకూ దారం వేలాడదీసి, ఎంత ఎడం రావాలో అంతే ఎడం వచ్చేలా చూసుకున్నాడు. ఒకవైపుకు కూడా ఇంత లెక్క ప్రకారం ఒరగొచ్చని నాకు అప్పుడే తెలిసింది. బోర్డు భూపాలపల్లి నుంచి వచ్చింది. రేకు మీద, పసుపు రంగు పెద్ద అక్షరాలతో మరదలే తయారుచేసి, తనే పట్టుకొచ్చింది. దాని మీద ఇలా ఉంది: "ఈ గోపురం వంగడంలో మేస్త్రి తప్పు లేదు. అక్కడ భూమి తప్పు. ఇక్కడ సేటు ఇష్టం."

పార్కు తెరిచిన రోజు సేటు చెయ్యి చాపాడు. నేను ముందుకూ వెనక్కూ పోయి, నేల మీద పడుకుని, ఆయన అరచెయ్యి గోపురానికి సరిగ్గా ఆనేదాకా చూసి తీశాను. ఆయన కల నెరవేరింది. కానీ అప్పటికే జనం గోపురాన్ని వదిలి బోర్డు చుట్టూ మూగారు. చదివి నవ్వి, మళ్లీ చదివి, పక్కన నిలబడి ఫోటోలు దిగసాగారు. వారం తిరిగేసరికి ఆ బోర్డు జనగామ నుంచి కాళేశ్వరం దాకా అందరి ఫోన్లలోకీ ఎక్కింది. మా పార్కులోని తాజ్‌మహల్ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. పిరమిడ్ నీడలో ఐస్‌క్రీం బండివాడు కునుకు తీసేవాడు. పెళ్లి జంటలు క్యూ కట్టి 'మేస్త్రి తప్పు లేదు' పక్కన నిలబడేవి. పరీక్ష తప్పిన పిల్లలూ, ఎన్నికల్లో ఓడినవాళ్లూ కూడా వచ్చి దిగారు. తన పేరున్న ఆ బోర్డు తీసేద్దామని సేటు రెండుమూడుసార్లు అనుకున్నాడు గానీ, అది తీస్తే పార్కే మూసుకోవాలని తెలిసి, చుట్టూ చిన్న కంచె కట్టించి దీపం పెట్టించాడు. లోకంలో ఏది ఎందుకు ప్రసిద్ధమవుతుందో చెప్పడం కష్టమని అప్పటినుంచి నేను ఒప్పుకుంటున్నాను.

పిల్ల సంగతి ఇంకా తేలలేదు. మా అమ్మ మళ్లీ అడిగింది. మామ సంచీ సర్దుకుంటూ, "పని వచ్చు. కాని కాయితం తిప్పుతడు" అన్నాడు. అప్పుడు మరదలు, "తిప్పితే తిప్పిండు నాయినా. మల్ల బస్టాండుకొచ్చి సక్కగ పెట్టిండు కదా. ఇంక తిప్పకుంట నేను చూసుకుంట" అంది. అంతే. పెళ్లి ఫ్లెక్సీ తనే తయారుచేసింది. జఫర్‌గఢ్ బస్టాపు దగ్గర నా నిలువెత్తు బొమ్మ, మచ్చలన్నీ తీసేసి, చుట్టూ పూలతో. నా కాళ్ల దగ్గర చిన్న అక్షరాల్లో 'ఇందులో మేస్త్రి తప్పు లేదు' అని ఉంది. ఊరంతా చదివాక గానీ నేను చూసుకోలేదు.

మొన్నామధ్య అందరం మళ్లీ పార్కుకు వెళ్లాం. మామ ఇప్పుడు పరంజా ఎక్కడం లేదు, మోకాళ్లు సహకరించడం లేదు. బోర్డు వెలిసిపోతే సేటు కొత్త రంగు వేయించాడు. మామ సంచీలోంచి గుండు తీసి, గోపురం పక్కన వేలాడదీసి, అది ఆగేదాకా చూసి, "కదల్లే. పెట్టినకాడనే ఉన్నది" అన్నాడు తృప్తిగా. అందరిలాగే చెయ్యి చాపి ఓ ఫోటో దిగమని బతిమాలితే, మొదటిసారి ఒప్పుకున్నాడు. కానీ ఆపుతున్నట్టు బలం పెట్టలేదు. పోనీలే అని వీపు నిమిరినట్టు అరచెయ్యి మెత్తగా పెట్టి నిలబడ్డాడు. నేను ఫోన్ ఎత్తాను. చేతులకు పాత అలవాటు ఎక్కడ దాక్కుందో, ఫోన్ కొంచెం పక్కకు తిరిగింది. ఫోటోలో గోపురం నిటారుగా నిలబడింది. మామ, బోర్డు, వెనక పిరమిడ్, లిబర్టీ తల్లి, అందరూ పక్కకు ఒరిగిపోయారు. నా భార్య భుజం మీదుగా చూసి, "మల్ల తిప్పినవా బావా!" అని నెత్తిన మొట్టింది. చెరిపేయబోతుంటే మామ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఫోన్ తీసుకుని, ఓ కన్ను మూసి చూశాడు. రెండో కన్ను తెరిచాడు. "గిది నాకు పంపు అల్లుడ" అన్నాడు. "గా మేస్త్రి ఉంటే చూపెడుదును."

పంపాను. ఇంటికి వచ్చే దారిలో, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, చేతిలో కాగితాన్ని పక్కకు తిప్పి పట్టుకుని, గుట్ట ప్రాంతం మామా అంటున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. వాణ్ని తిట్టాలని నోరు తెరిచాను గానీ, నవ్వే వచ్చింది.